50 మ్యాచ్‌ల్లో 30 ఓడితే బేస్‌బాల్ సీజన్ అయిపోయినట్టేనా?

మీరు అడిగింది ఇది: అమెరికా వచ్చి ఏడాదైంది, ఆఫీసులో వాళ్ళ పుణ్యమా అని బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టారు. మీరు ఎంచుకున్న టీం మే నెలాఖరుకి 50 మ్యాచ్‌లాడి 30 ఓడిపోయింది. ఇక ఈ ఏడాదికి వాళ్ళ పని అయిపోయినట్టేనా? అసలు సీజన్‌కి 162 మ్యాచ్‌లు ఎందుకు? వాటిలో ఏది చూడాలి, ఏది వదిలేయాలి?

ముందు సూటిగా జవాబు. అయిపోయిందని ఇప్పుడే చెప్పలేం. ఓటముల లెక్క కాసేపు పక్కన పెట్టి, మీ టీం ఏ ఇన్నింగ్స్‌లో ఓడుతోందో చూడండి (మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదాంట్లో పైసగం బయటి ఊరి టీం, కింది సగం సొంతూరి టీం బ్యాటింగ్). సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఆరో ఇన్నింగ్స్ దాకా బాగా ఆడి ఏడు, ఎనిమిదిలో చేజార్చుకుంటుంటే ఆశ పెట్టుకోవచ్చు. రెండో ఇన్నింగ్స్‌కే నాలుగైదు రన్స్ వెనకబడుతుంటే మాత్రం వేసవి సెలవులకి వేరే ప్లాన్ చూసుకోండి.

నేనేమీ కోచ్‌ని కాదు. నార్తర్న్ వర్జీనియాలో ఉంటాను. వాషింగ్టన్‌లో అక్కడి టీం నేషనల్స్ ఆడే నేషనల్స్ పార్క్ తెరిచిన 2008లోనే నేనూ ఇటు వచ్చాను. నలుగురం కలిసి సీజన్ టికెట్ పంచుకుంటాం, నా వాటాకి ఏడాదికి ఇరవై మ్యాచ్‌ల దాకా వస్తాయి. పిల్లల లీగ్‌లో కొన్నేళ్ళు స్కోరర్‌గా చేశాను కాబట్టి చేత్తో స్కోరు రాసే అలవాటు పట్టుకుంది. ఇంట్లో ఆ పుస్తకాలు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. మా ఆవిడ దృష్టిలో అది చెత్త. మీ ప్రశ్న చూడగానే అందులోంచి 2019 పుస్తకం తీశాను, ఎందుకంటే ఆ ఏడాది నేషనల్స్ మొదటి 50 మ్యాచ్‌ల లెక్క 19 గెలుపులు, 31 ఓటములు. మీ టీం కన్నా ఒకటి ఎక్కువే ఓడారు. అక్టోబర్ 30న అదే టీం వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్, గెలిచింది.

అలాగని ప్రతి చెడ్డ మే నెలా అలా ముగుస్తుందని కాదు, ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు 162 సంగతి.

1960 దాకా అమెరికన్, నేషనల్ అనే రెండు లీగులు, ఒక్కో లీగుకి ఎనిమిది టీంలు, ఒక్కో ప్రత్యర్థితో 22 మ్యాచ్‌లు, మొత్తం 154. తర్వాత టీంలు పదికి పెరిగాయి. తొమ్మిది మంది ప్రత్యర్థులు, ఒక్కొక్కరితో 18 చొప్పున 162. అమెరికన్ లీగ్‌లో 1961 నుంచి, నేషనల్ లీగ్‌లో 1962 నుంచి ఈ లెక్క వచ్చింది. ఇప్పుడు 30 టీంలు, షెడ్యూల్ పూర్తిగా మారిపోయింది, ఆ 162 మాత్రం అలాగే ఉండిపోయింది. సగం సొంతూళ్ళో, సగం బయట. మార్చి చివర్లో మొదలై సెప్టెంబర్ చివరిదాకా దాదాపు రోజూ ఆటే.

ఇది పుట్టుపూర్వోత్తరం. ఇంకో కారణం ఆటలోనే ఉంది. బేస్‌బాల్‌లో ఒక్క మ్యాచ్ చూసి ఏదీ తేల్చలేం. పదిసార్లు బ్యాటింగ్‌కి దిగి మూడుసార్లు హిట్ కొట్టి బేస్ చేరినవాణ్ణి ఇక్కడ గొప్ప బ్యాటర్ అంటారు. ఎంత మంచి టీమైనా మూడింట ఒకటి ఓడుతుంది, ఎంత పనికిమాలిన టీమైనా నాలుగింట ఒకటి గెలుస్తుంది. 2001లో సియాటిల్ మ్యారినర్స్ 116 గెలిచారు, అయినా 46 ఓడారు. 2024లో షికాగో వైట్ సాక్స్ 121 ఓడి ఈ కాలపు చెత్త రికార్డు మూటగట్టుకున్నారు, వాళ్ళకీ 41 గెలుపులున్నాయి. ఇంత దగ్గరదగ్గరగా ఉండే ఆటలో ఎవరు మంచివాళ్ళో తేలాలంటే చాలా మ్యాచ్‌లు కావాలి.

ఐపీఎల్ కళ్ళద్దాలతో చూస్తే ఇక్కడే తికమక పడతాం. అక్కడ లీగ్ దశలో టీంకి 14 మ్యాచ్‌లు. ఆ కొలతలో ఇక్కడి 50 మ్యాచ్‌లంటే అక్కడి నాలుగు మ్యాచ్‌ల పైచిలుకు. ఐపీఎల్‌లో మొదటి నాలుగింట్లో రెండున్నర ఓడిన టీంని మీరు వదిలేస్తారా? 2024లో బెంగళూరు ఎనిమిదింట్లో ఏడు ఓడి, తర్వాత వరసగా ఆరు గెలిచి ప్లేఆఫ్స్‌కి వచ్చింది. ఆ ఆరింట్లో మొదటిది ఉప్పల్‌లో మన సన్‌రైజర్స్ మీదే, మర్చిపోయి ఉండరు. వాళ్ళు సగం సీజన్ దాటాక లేచారు. మీ టీంకి ఇంకా 112 మ్యాచ్‌లున్నాయి.

సరే, 2019కి వద్దాం.

ఆ ఏడాది మొదలే ఏడుపుతో మొదలైంది. బ్రైస్ హార్పర్ 13 ఏళ్ళకి 330 మిలియన్ డాలర్ల ఒప్పందం మీద ఫిలడెల్ఫియాకి వెళ్ళిపోయాడు. ఏప్రిల్ 2న ప్రత్యర్థి జెర్సీలో మా ఊరు వచ్చాడు, హోమ్ రన్ (హోమర్ అనీ అంటారు, మన సిక్సర్ లాంటిది) కూడా కొట్టాడు. వాన, చలి, స్టేడియం అంతా అతన్ని గేలి చేయడం. అందరూ హార్పర్ గురించే మాట్లాడుకున్నారు గానీ, ఆ రోజు అసలు దెబ్బ వేరే. మా షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) ట్రే టర్నర్ బంట్, అంటే బంతిని బ్యాట్‌తో మెల్లగా తట్టే షాట్, ఆడబోతే బంతి తగిలి చూపుడు వేలు విరిగింది, నెలన్నర ఆటకి దూరమయ్యాడు. ఆ తర్వాత ఆంథొనీ రెండాన్, హువాన్ సోటో కూడా కొన్నాళ్ళు గాయాలతో కూర్చున్నారు. అంటే బ్యాటింగ్‌లో మొదటి నలుగురిలో ముగ్గురు ఏదో ఒక సమయంలో లేరు. మొదటగా చూడాల్సింది ఇదే: ఓడుతున్నది మీ అసలు టీమా, బెంచీ మీది టీమా? విరిగిన వేలు అతుక్కుంటుంది. ఆట రాని వేలు అతుక్కునేది కాదు.

రెండోది బుల్‌పెన్. క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళకి ఇది కొత్తగా ఉంటుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. టీంలో మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టింగ్ పిచర్లు ఐదుగురు ఉంటారు, ఒక్కొక్కరు ఐదేసి రోజులకోసారి వంతులవారీగా వేస్తారు. ఒక్కో స్టార్టర్ సుమారు వంద బంతులు వేసి, ఐదారు ఇన్నింగ్స్ నడిపించి తప్పుకుంటాడు. మిగతా మూడు నాలుగు ఇన్నింగ్స్ రిలీవర్లు తలా ఒకటి చొప్పున పంచుకుంటారు. ఆ రిలీవర్ల గుంపునీ, వాళ్ళు వార్మప్ చేసే చోటునీ రెంటినీ బుల్‌పెన్ అంటారు. 2019లో మా బుల్‌పెన్‌ని తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

నా పుస్తకంలో మే 22 పేజీ చూస్తున్నాను. న్యూయార్క్‌లో మెట్స్‌తో మ్యాచ్, ఇంట్లో టీవీ ముందు కూర్చుని రాశాను. మా స్టార్టర్ మ్యాక్స్ షెర్జర్ వేసిన ఆరు ఇన్నింగ్స్ గడులు శుభ్రంగా ఉన్నాయి, ఒక్క రన్ లేదు. మేం 1-0తో ముందున్నాం. ఎనిమిదో ఇన్నింగ్స్ గడికి వచ్చేసరికి పెన్సిల్ గీతలు ఒకదాని మీద ఒకటి, చోటు చాలక పక్క గడిలోకి పాకాయి. ఆ ఒక్క ఇన్నింగ్స్‌లో మెట్స్ ఆరు రన్స్ చేశారు. ఆఖరి దెబ్బ రాజై డేవిస్ కొట్టిన మూడు రన్స్ హోమర్. ఆ రోజు అతను పెన్సిల్వేనియాలో మైనర్ లీగ్ (కింది స్థాయి) జట్టుతో ఉంటే అప్పటికప్పుడు రమ్మన్నారట. ఊబర్ ఎక్కి, మ్యాచ్ మొదలయ్యాక స్టేడియం చేరి, బ్యాట్ పట్టుకుని మా కొంప ముంచాడు. మర్నాడూ అంతే. ఎనిమిదో ఇన్నింగ్స్ పైసగంలో మేం 4-3తో ముందుకొచ్చాం, కింది సగంలో కార్లోస్ గోమెజ్ హోమర్ కొట్టాడు, 6-4. నాలుగుకి నాలుగూ ఓడి 19-31 దగ్గర ఆగాం. మా మేనేజర్ (క్రికెట్‌లో హెడ్ కోచ్ లాంటివాడు) డేవ్ మార్టినెజ్ అంపైర్‌తో గొడవపడి టోపీ నేలకేసి కొట్టి బయటికి పోయాడు. అతని ఉద్యోగం ఈ వారమా, వచ్చే వారమా అన్నట్టు మాట్లాడుకున్నారు.

నేనూ తిట్టానని ఒప్పుకుంటాను. ఆ పేజీ అడుగున తెలుగులో ఏం రాసుకున్నానో ఇక్కడ చెప్పను.

తర్వాత పుస్తకం తిరగేస్తుంటే ఒకటి తట్టింది. పేజీ తర్వాత పేజీ, ఎడమ వైపు (మొదటి ఇన్నింగ్స్) శుభ్రం, కుడి వైపు (చివరి ఇన్నింగ్స్) గందరగోళం. అంటే స్టార్టర్లు తమ పని తాము చేస్తున్నారు. షెర్జర్, స్టీఫెన్ స్ట్రాస్‌బర్గ్, పాట్రిక్ కార్బిన్ ముగ్గురూ లీగ్‌లో ఎవరికైనా నిద్ర పట్టనివ్వని పిచర్లే. ఐదు రోజుల్లో మూడు రోజులు వీళ్ళవే. బుల్‌పెన్ లోపాన్ని సీజన్ మధ్యలో కొంతైనా సర్దుకోవచ్చు. స్టార్టర్లు లేకపోతే సర్దుకోవడం దాదాపు అసాధ్యం. ఒక ఇన్నింగ్స్ వేసే రిలీవర్, టీంలు ఆటగాళ్ళని మార్చుకోవడానికి వేసవిలో ఉండే ట్రేడ్ గడువులోపు పెద్ద ఖర్చు లేకుండా దొరుకుతాడు. షెర్జర్ లాంటివాడు కావాలంటే ఏడేళ్ళకి 210 మిలియన్లు పోయాల్సి వచ్చింది. ఆటగాళ్ళని కొనే పని చూసే మా జనరల్ మేనేజర్ మైక్ రిజ్జో జులై 31న డేనియల్ హడ్సన్‌తో కలిపి ముగ్గురు రిలీవర్లని తెచ్చాడు. వాళ్ళలో హడ్సన్ ఒక్కడు నిలబడ్డాడు, అది చాలింది.

19-31 తర్వాత లెక్క 74 గెలుపులు, 38 ఓటములు. మొత్తం 93-69. మేనేజర్ని మార్చలేదు, స్టార్‌ని ఎవర్నీ కొనలేదు. గాయపడ్డవాళ్ళు తిరిగొచ్చారు, స్టార్టర్లు అలాగే వేశారు. జూన్ 18న ప్రాక్టీసులో బంట్ ఆడుతూ షెర్జర్ ముక్కు విరగ్గొట్టుకున్నాడు. మర్నాడే నల్లగా కమిలిన కన్నుతో దిగి, ఫిలడెల్ఫియా మీద ఏడు ఇన్నింగ్స్ ఒక్క రన్ ఇవ్వకుండా వేశాడు. ఆ రోజు టీవీలో అతని మొహం చూసి మా అమ్మాయి భయపడింది.

మా అమ్మాయి అంటే గుర్తొచ్చింది. సెప్టెంబర్ 3, మంగళవారం, మళ్ళీ మెట్స్‌తోనే. ఆ రోజు నా టికెట్ వంతు. దానికప్పుడు పదకొండేళ్ళు. తొమ్మిదో ఇన్నింగ్స్ పైసగంలో మెట్స్ ఐదు రన్స్ చేసి 10-4 చేశారు. మర్నాడు స్కూలు. "ఇంకొక్క సగం ఉంది కదా నాన్నా" అంది. నేను స్కోరు పుస్తకం మూసి, మిగిలిన వేరుశెనక్కాయలు జేబులో పోసుకుని "ఆరు రన్స్ తేడా తల్లీ, పద" అన్నాను. నేవీ యార్డ్ మెట్రో స్టేషన్ ప్లాట్‌ఫాం మీద రైలు కోసం నిల్చుంటే ఫోన్లో స్కోరు కదలడం మొదలైంది. ఐదు. ఆరు. మా చుట్టూ మాలాగే ముందే లేచొచ్చిన పాతికమంది, ఎవరూ ఎవరి మొహం చూడట్లేదు. రైలు వచ్చినా ఎక్కలేదు. కర్ట్ సుజుకి మూడు రన్స్ హోమర్ కొట్టాడు, 11-10. ఒక్క ఇన్నింగ్స్‌లో ఏడు రన్స్. ఆ పుస్తకంలో ఆ గడి ఇప్పటికీ ఖాళీ. మా అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది, నేను ఎక్కడికైనా తొందర పెడితే "ఆరు రన్స్ తేడా తల్లీ" అంటుంది.

అలా వైల్డ్ కార్డ్ దాకా వచ్చారు. డివిజన్ (లీగ్‌లో మా గ్రూపు) గెలవలేదు, అది అట్లాంటా గెలుచుకుంది. అది గెలవనివాళ్ళకి ప్లేఆఫ్స్‌కి ఉన్న దారే వైల్డ్ కార్డ్. అప్పటి రూల్ ప్రకారం వైల్డ్ కార్డ్ అంటే ఒక్కటే మ్యాచ్, ఓడితే ఇంటికి. ఇప్పుడైతే 12 టీంలు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి, వైల్డ్ కార్డ్ కూడా మూడు మ్యాచ్‌ల సిరీస్. మీ టీంకి ఇది మంచి వార్త, 2019లో కన్నా తలుపు ఇంకొంచెం వెడల్పుగా ఉంది. అక్టోబర్ 1న మిల్వాకీతో ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా 3-1తో వెనకబడ్డాం. రెండు ఔట్లు, బేసులు నిండి ఉన్నాయి (మూడింట్లోనూ మా రన్నర్లే), ఎదురుగా వాళ్ళ పిచర్ జోష్ హేడర్. సోటో కుడివైపు సింగిల్ కొట్టాడు, ఫీల్డర్ గ్లవ్ కింద నుంచి బంతి జారింది, ముగ్గురూ పరిగెత్తుకుంటూ వచ్చేశారు. 4-3. ఆ బంతి జారకపోతే ఈ సమాధానం నేను వేరే టీం గురించి రాసేవాణ్ణి.

ఆ తర్వాత 106 గెలిచిన లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ని ఐదో మ్యాచ్ అదనపు పదో ఇన్నింగ్స్‌లో హౌవీ కెండ్రిక్ గ్రాండ్ స్లామ్‌తో (బేసులు నిండి ఉండగా కొట్టే హోమర్), సెయింట్ లూయిస్‌ని నాలుగుకి నాలుగు, చివరికి 107 గెలిచిన హ్యూస్టన్‌ని 4-3తో ఓడించారు. ఆ ఫైనల్లో ఏడు మ్యాచ్‌లూ బయటి ఊరి టీమే గెలిచింది, మేం సొంత స్టేడియంలో ఒక్కటీ గెలవలేదు! మా వంతు టికెట్‌తో వరల్డ్ సిరీస్ మ్యాచ్ చూసి, ఓటమి చూసి ఇంటికొచ్చాను. ఏడో మ్యాచ్ మాత్రం టీవీలోనే, కెండ్రిక్ కొట్టిన బంతి కుడివైపు ఫౌల్ పోల్‌కి (మైదానం అంచు స్తంభం) తగిలి హోమర్ అవడం చూశాను.

మీకు పనికొచ్చే మాట ఇక్కడ ఒకటుంది. మా బుల్‌పెన్ అక్టోబర్‌లో హఠాత్తుగా బాగుపడలేదు. అక్టోబర్‌లో మధ్యమధ్య సెలవు రోజులుంటాయి కాబట్టి దాన్ని దాచిపెట్టగలిగారు. స్టార్టర్లనే రిలీవర్లుగా వాడారు. మిల్వాకీ మ్యాచ్‌లో షెర్జర్ తర్వాత స్ట్రాస్‌బర్గ్ వచ్చి మూడు ఇన్నింగ్స్ వేశాడు. ఏడో మ్యాచ్‌లో షెర్జర్ ఐదు, కార్బిన్ మూడు, హడ్సన్ ఆఖరిది, అంతే. 162 మ్యాచ్‌ల్లో రోజూ బయటపడే బొక్కని నెల రోజుల పాటు మూసిపెట్టొచ్చు. అందుకే నా లెక్కలో టీం ఎంత మంచిదో చెప్పేది సీజనే. అక్టోబర్ చెప్పేది ఆ నెలలో ఎవరికి కలిసొచ్చిందో. మా టీం గెలిచినా ఈ మాటే అంటాను, స్నేహితులు నన్ను ద్రోహి అంటారు.

ఇక ముందు చెప్తానన్న సంగతి. 19-31 నుంచి కప్పు గెలవడం అరుదు, చాలా అరుదు. అలా మొదలెట్టిన టీంలు ఎక్కువగా అలాగే ముగుస్తాయి. దూరం పోనక్కర్లేదు, మా టీమే చూడండి. 2021 జులైలో షెర్జర్‌నీ టర్నర్‌నీ డాడ్జర్స్‌కి అమ్మేశారు, 2022లో 107 ఓడారు, ఆ ఆగస్టులో సోటోని శాన్ డియేగోకి పంపేశారు. ఆ ఏడాది మే నెల పుస్తకంలో గందరగోళం ఎడమ వైపే, మొదటి మూడు ఇన్నింగ్స్‌లోనే. మేలో చూసినప్పుడే తెలిసిపోయింది. వరల్డ్ సిరీస్ హీరో స్ట్రాస్‌బర్గ్ ఏడేళ్ళకి 245 మిలియన్ల కొత్త ఒప్పందం రాసుకుని, గాయాలతో ఆ తర్వాత ఎనిమిది మ్యాచ్‌లే వేయగలిగాడు. పిచర్ భుజం మీద ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

ఇంకో లెక్క చెప్తాను, క్రికెట్‌లో నెట్ రన్ రేట్ చూసే అలవాటున్నవాళ్ళకి తేలిగ్గా ఎక్కుతుంది. స్టాండింగ్స్ పట్టికలో రన్ డిఫరెన్షియల్ అని ఒక గడి ఉంటుంది, చేసిన రన్స్‌లోంచి ఇచ్చిన రన్స్ తీసేయగా మిగిలేది. 2019 చివరికి నేషనల్స్‌ది ప్లస్ 149. ఓటములు ఎక్కువున్నా ఈ అంకె సున్నా దగ్గర్లో ఉంటే, ఒకటి రెండు రన్స్ తేడాతో ఓడుతున్నారని అర్థం, అవి తర్వాత సర్దుకునే అవకాశం ఎక్కువ. మైనస్ వంద దగ్గరుంటే నాకు చెప్పకండి, ఏమనాలో తెలియదు. అయితే ఒకే రోజు 15-1తో ఓడితే ఆ అంకె ఒక్కసారిగా దిగిపోతుంది, కాబట్టి 40 మ్యాచ్‌లు దాటాకే దాన్ని పట్టించుకోండి.

చివరిగా, ఏది చూడాలి అన్నారు కదా. 162 చూసేవాళ్ళని నేనింతవరకూ కలవలేదు, రిటైరైన మా పక్కింటి పెద్దాయన తప్ప. ఆయనా ఐదో ఇన్నింగ్స్‌లో నిద్రపోతాడు. మీ టీంలో మంచి స్టార్టర్ ఎవరో చూసుకుని, అతని వంతు వచ్చే రోజు చూడండి, అంటే వారానికి ఒకటో రెండో. మిగతావి వంట చేస్తూ రేడియోలో వినొచ్చు. పశ్చిమ తీరానికి వెళ్ళినప్పుడు తూర్పు వాళ్ళకి మ్యాచ్ రాత్రి పదికి మొదలవుతుంది, మర్నాడు ఆఫీసుంటే దాని జోలికి పోకండి. స్టేడియానికి మంగళ, బుధవారాల్లో వెళ్ళండి, టికెట్ చవక. స్కోరు పుస్తకం ఒకటి కొనుక్కోండి, పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, అలా నంబర్లు. 6-4-3 అని రాయడం వస్తే డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు ఔటవడం) అర్థమైనట్టే, ఒక సాయంత్రంలో వచ్చేస్తుంది.

మీది ఏ టీమో రాయలేదు. స్టార్టర్ల పేర్లూ, రన్ డిఫరెన్షియలూ కింద పెట్టండి, చూసి చెప్తాను.